మూడు డ్రమ్ముల మీద నిలబడాలంటే

భువనగిరిలో నాది సైకిల్ టాక్సీ దుకాణం. గంటకింతని సైకిళ్ళు కిరాయికి ఇవ్వడం, పంక్చర్లు వేయడం, రిమ్ముల బెండు తీయడం, పండుగల ముందు పాత సైకిళ్ళు విప్పి గ్రీజు పెట్టి మళ్ళీ బిగించడం. ముప్పై ఎనిమిదేండ్లు చేతులకు ఆ నలుపు పోలేదు. ఇంటింటికీ మోటారు సైకిలు వచ్చి కిరాయి గిరాకీ తగ్గాక దుకాణం మూసేసి, పనిముట్ల పెట్టె ఒక్కటే ఇంటికి తెచ్చుకున్నాను. ఆరేండ్ల కింద మా మనుమరాలు ఇంటర్ చదువుతూ రోడ్డు రేసుల్లో పడింది. సన్న టైర్ల సైకిలు ఇంటికొచ్చింది. పెట్టె మళ్ళీ తెరిచాను.

పొద్దుగాల అయిదింటికి లేచి వరంగల్ రోడ్డు మీద రాయగిరి దాటి పోయి వచ్చేది. ఒక వానకాలం, ఇంకా తెల్లారక ముందే, పక్క నుంచి పోయిన లారీ గాలికి సైకిలు ఊగి పక్కన మట్టిలోకి దిగింది. మోచేయి గీరుకుపోవడంతో సరిపోయింది. మా కోడలు మాత్రం ఆనాటి నుంచి చీకట్లో గడప దాటనివ్వలేదు. "ఇంట్ల తొక్కేటట్టు ఏదన్న చూడు తాతా" అని పిల్ల నా దగ్గరికి వచ్చింది. అప్పటి నుంచి మా ఇంట్లో మూడు సెట్ల రోలర్లు మారాయి. మొదటిది నేను చేయించింది, రెండోది తొందరపడి కొన్నది, మూడోది ఇప్పుడు వాడుతున్నది. పిల్లలకు రోలర్లు కొనిపెట్టాలనుకునే వాళ్ళకు పనికొస్తుందని, మేము నేర్చుకున్న వరసలోనే రాస్తున్నాను.

1. కొనే ముందు, పిల్లకు ఏం కావాలో తేల్చుకోండి

ఇంట్లో సైకిలు తొక్కడానికి రెండు దారులున్నాయి. ఒకటి స్టాండు ట్రైనర్. వెనక చక్రాన్ని గట్టిగా పట్టుకుంటుంది, లేకపోతే చక్రమే తీసేసి చైనును దాని పళ్ళకు తగిలించాలి. సైకిలు కదలదు, పడదు. కళ్ళు మూసుకుని తొక్కినా ఏమీ కాదు. రెండోది రోలర్లు. నిచ్చెన లాంటి చట్రానికి మూడు డ్రమ్ములు అడ్డంగా ఉంటాయి. వెనక చక్రం రెండు డ్రమ్ముల సందులో కూర్చుంటుంది, ముందు చక్రం మూడో దాని మీద నిలబడుతుంది. సైకిలును పట్టుకునేది ఏదీ ఉండదు. చక్రాలు తిరిగినంతసేపు నిలబడుతుంది, తొక్కడం ఆగితే వాలుతుంది.

కాళ్ళలో బలం పెంచాలి, ఊపిరి అందనంత గట్టిగా పది నిమిషాలు తొక్కి ఆపి మళ్ళీ తొక్కాలి అనుకునే వాళ్ళకు స్టాండు ట్రైనరే మేలు. అందులో బరువు ఎంతంటే అంత పెంచుకోవచ్చు. మా పిల్లకు లోటు బలం కాదు. లారీ గాలికి గీత తప్పింది. హ్యాండిల్ మీద బరువు మోపి, భుజాలు బిగించి, ఒక కాలు ఎక్కువ, ఒక కాలు తక్కువ తొక్కేది. రోలర్ల మీద ఆ తప్పు ఒక్క క్షణం కూడా దాగదు. కాలు కుదిపితే సైకిలు పక్కకు జరుగుతుంది, భుజం బిగిస్తే ముందు చక్రం వణుకుతుంది. అందుకే రోలర్లకే ఓటు వేశాను.

2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా క్యాంపస్‌లో కట్టిన వెలోడ్రోమ్‌లో నేను మొదటిసారి రోలర్లు చూశాను. ట్రాక్ సైకిళ్ళకు ఫ్రీవీలు ఉండదు, బ్రేకూ ఉండదు. చక్రం తిరుగుతుంటే పెడలూ తిరుగుతూనే ఉంటుంది. పోటీకి ముందు పిల్లలు రోలర్లెక్కి కాళ్ళు వేడి చేసుకుంటుంటే, పైన తల దగ్గర నుంచి నడుము దాకా ఒక్క కుదుపు లేదు. కింద కాళ్ళు మాత్రం కనపడనంత జోరుగా తిరుగుతున్నాయి. ఆ బొమ్మ నా కళ్ళలో ఉండిపోయింది.

మా కోడలికి ముందు నమ్మకం కుదరలేదు. "అర్రల కూసోని తొక్కితే రోడ్డు మీద గెలుస్తరా మామా?" అంది. కిటికీలోంచి కనబడే మా గుట్టనే చూపించాను. మాలావత్ పూర్ణ, ఆనంద్ అనే పిల్లలు 2014 మే 25న ఎవరెస్టు ఎక్కే ముందు తాడు పట్టడం, రాయి మీద కాలు నిలపడం నేర్చుకున్నది ఈ భువనగిరి గుట్ట మీదే. ఇక్కడ మంచు లేదు, ఆ ఎత్తూ లేదు. కాలు నిలపడం మాత్రం ఇక్కడ వచ్చింది. అటు హైదరాబాద్‌లో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్, నెత్తిన సోలార్ పలకల కప్పుతో, 2023 అక్టోబరు 1న తెరిచారు. చాలా మంచి పని. కానీ అది నగరానికి ఆ చివర. మా ఊరి నుంచి రోజూ పోయి వచ్చే దూరం కాదు.

2. డ్రమ్ము గుండ్రంగా ఉందో లేదో మీ కళ్ళతో చూడండి

మొదటి సెట్టు నేను చేయించాను. బోరు కేసింగుకు వాడే నాలుగంగుళాల ప్లాస్టిక్ పైపు తెచ్చి, లేతు మిషను మీద మూతలు కోయించి, బేరింగులు కొట్టించాను. చేత్తో తిప్పితే చక్కగా తిరిగింది. పిల్ల ఎక్కి తొక్కింది, మెల్లగా తొక్కినంతసేపు బాగుంది. జోరు పెంచగానే సైకిలంతా వణికింది. చెక్కబండిని కంకర మీద తోలినట్టు గడగడ. హ్యాండిల్ వదల్లేక, తొక్కడం ఆపలేక గోడ వైపు ఒరిగింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి పట్టుకున్నాను.

తర్వాత లెక్క వేసుకున్నాను. పది సెంటీమీటర్ల డ్రమ్ము చుట్టుకొలత 31 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. గంటకు 30 కిలోమీటర్ల జోరులో తొక్కితే అది నిమిషానికి దాదాపు 1,600 చుట్లు తిరుగుతుంది. చేత్తో తిప్పినప్పుడు తెలియని చిన్న ఎత్తుపల్లం, ఆ జోరులో సెకనుకు ఇరవై ఆరుసార్లు టైరును కొడుతుంది. పైపు పైపే. నీళ్ళు పోవడానికి చేసింది, గుండ్రం కచ్చితంగా ఉండాలని ఎవరూ అనుకోలేదు.

పరీక్ష చాలా సులువు. రిమ్ము బెండు తీసేటప్పుడు ఎలా చూస్తామో అలాగే. రోలరు చట్రం మీద ఒక పెన్సిలు ఆనించి, మొన డ్రమ్ముకు వెంట్రుకవాసి దూరంలో పెట్టి పట్టుకోండి. రెండో చేత్తో డ్రమ్మును మెల్లగా తిప్పండి. సందు ఒకచోట పెరిగి, ఒకచోట తగ్గి, మొన డ్రమ్ముకు రాసుకుంటే అది ఔటున్నట్టు. ఎడమ చివర, నడుమ, కుడి చివర, మూడుచోట్లా చూడాలి. మూడు డ్రమ్ములకూ చూడాలి. దుకాణం వాళ్ళు తొందరపెడితే కొనకండి.

చెవికీ పని పెట్టండి. డ్రమ్మును గట్టిగా తిప్పి వదిలి, ఇరుసు దగ్గర చెవి పెట్టండి. సన్నగా ఒకే తీరు శబ్దం వస్తే బేరింగు బాగున్నట్టు. ఇసుక నలిగినట్టు వినపడితే లోపల దుమ్ము చేరింది. మా దిక్కు ఎర్రమట్టి దుమ్ము ఎక్కడికైనా చేరుతుంది. అందుకని మూత బిగించి ఉండే సీల్డు బేరింగులే తీసుకోండి. పాత సైకిలు కప్పూ కోనూ అయితే విప్పి కడిగి గ్రీజు పెట్టుకోవచ్చు. వీటికి బేరింగే మార్చాలి. కాబట్టి మన బజారులో దొరికే సైజా కాదా అని మూత మీది నంబరు చూసి రాసుకోండి.

3. డ్రమ్ము లావు, దేనితో చేశారన్నది

లావు డ్రమ్ము తేలిగ్గా తిరుగుతుంది, సన్న డ్రమ్ము బరువుగా తిరుగుతుంది. సన్నదాని మీద టైరు ఎక్కువగా నొక్కుకుపోతుంది, ఆ నొక్కుడుకు మన బలం ఖర్చవుతుంది. అమెరికాలో క్రైట్లర్ అనే పాత కంపెనీ ఒకే చట్రానికి నాలుగున్నర అంగుళాలు, మూడంగుళాలు, రెండుంపావు అంగుళాల డ్రమ్ములు చేసింది. రెండుంపావుది గట్టి కాళ్ళ వాళ్ళకు. నేర్చుకునే వాళ్ళకు పది, పదకొండు సెంటీమీటర్లది మంచిది. అయస్కాంతం బిగించి బరువు పెంచే ఏర్పాటున్నవీ దొరుకుతాయి. మొదటి ఏడాది దాని అవసరం రాదు.

అల్యూమినియం డ్రమ్ము వేడిని బయటికి వదిలేస్తుంది, అరగదు. టైరు మీద బూడిదరంగు చార పడుతుంది, తుడిస్తే పోతుంది. ప్లాస్టిక్ డ్రమ్ము శబ్దం తక్కువ, ధర తక్కువ. గట్టి కంపెనీ ప్లాస్టిక్ డ్రమ్ములు బాగానే ఉంటాయి, కానీ మా ఎండలు వాటికి పడవు. నేను చేయించిన సెట్టును మే నెలలో మేడ మీద రేకుల కింద, మీద బియ్యం బస్తా పెట్టి మరచిపోయాను. బస్తా ఆనిన చోట చదునైపోయింది.

టైరులో హవా తక్కువైనా, సన్న డ్రమ్ము మీద లాగే టైరు నొక్కుకుపోయి బలం ఖర్చవుతుంది. సన్న టైరు గోడ మీద ఎంత నుంచి ఎంత దాకా అని అచ్చు వేసి ఉంటుంది. అందులో పై అంకెకు దగ్గరగా కొట్టుకుని తొక్కితే డ్రమ్ము తేలిగ్గా తిరుగుతుంది, టైరు వేడెక్కదు.

4. టేపు లేకుండా బేరానికి పోవద్దు

రెండో సెట్టు హైదరాబాద్‌లో ఒకరు వాడి అమ్మేస్తుంటే కొన్నాను. డ్రమ్ములు మంచివి, పెన్సిలు పరీక్షలో నెగ్గాయి. ఆ సంతోషంలో ఒక్కటి మరచిపోయాను. వాడినతను ఆరడుగుల మనిషి. మా పిల్ల అయిదడుగులు దాటి ఒక్క అంగుళం. ఆమె సైకిలు చిన్న సైజు. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు 96 సెంటీమీటర్లు, అతనిది మీటరు పైన. ముందు డ్రమ్మును బిగించే రంధ్రాలు అతని కొలతకు ఉన్నాయి. అన్నిటికన్నా దగ్గరి రంధ్రంలో పెట్టినా డ్రమ్ము నాలుగు సెంటీమీటర్లు ముందుకు పోయింది. సైకిలు ఎక్కితే వెనక్కి వాలినట్టు అనిపించేది, తిప్పితే తిరిగేది కాదు.

ముందు డ్రమ్ము నడిమి గీత, ముందు చక్రం ఇరుసుకు సరిగ్గా కింద ఉండాలి, లేదా ఒకటి రెండు సెంటీమీటర్లు ముందుకు ఉండాలి. ఇరుసుకు వెనక ఉండకూడదు. వెనక ఉంటే చక్రం ముందుకు జారి దిగిపోతుంది. మేస్త్రీ వాడే తూకం గుండు అడిగి తెచ్చి, దారాన్ని ఇరుసు నుంచి వేలాడదీసి చూసుకున్నాను. చట్రంలో కొత్త రంధ్రం వేయించాక సెట్టు దారికొచ్చింది. కానీ రంధ్రం వేసిన చోట రేకు పలచబడి, ఏడాదికి చీలింది.

ఎదిగే పిల్లలుంటే, చట్రం పొడవు జరిపి బిగించుకునే రకమే తీసుకోండి. ఈ రోజు సైకిలు ఈ సైజు, రెండేండ్లకు ఇంకో సైజు.

5. వెడల్పు, అంచులు

వెడల్పు తక్కువైన డ్రమ్ము మీద కొత్తవాళ్ళు నిలబడలేరు. 38 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటే చాలు. కొన్నింటికి నడుమ సన్నగా, అంచుల దగ్గర లావుగా ఉంటుంది. ఇటలీ ఎలైట్ కంపెనీ ఏరియన్, టాక్స్ కంపెనీ అంటారెస్ ఇట్లాంటివి. చక్రం అంచుకు పోతే ఆ వాలు మళ్ళీ నడుముకు తోస్తుంది. నేర్చుకునే పిల్లకు ఇది చాలా ధైర్యం. చేయి తిరిగిన వాళ్ళకు అవసరం లేదు, తిన్నని డ్రమ్ము చాలు.

6. బెల్టు

వెనక డ్రమ్ము తిరుగుడును ముందు డ్రమ్ముకు అందించేది ఒక సన్న రబ్బరు బెల్టు. రాట్నం చక్రం నుంచి కదురుకు దారం ఎలా అందిస్తుందో అలాగే. బెల్టు తెగితే ముందు చక్రం తిరగదు. ముందు చక్రం తిరగని సైకిలు ఒక్క క్షణం కూడా నిలబడదు. కొన్న రోజే ఇంకో బెల్టు కొని పెట్టుకోండి. వదులైతే జారుతుంది, జోరు పెంచినప్పుడు కీచుమంటుంది. దుమ్ము తుడిచినా శబ్దం పోకపోతే మార్చేయండి.

7. మొదటి వారం దర్వాజలోనే

ఏ సెట్టు కొన్నా మొదటి పది రోజులు ఒరగకుండా నిలబడడమే తంటా. దీనికి దర్వాజను మించిన గురువు లేడు. చట్రాన్ని రెండు అర్రల మధ్య దర్వాజలో, హ్యాండిల్ సరిగ్గా చౌకట్ల నడుమకు వచ్చేట్టు పెట్టండి. ఒరిగితే ఎటైనా మోచేయి చౌకట్టుకు ఆనుతుంది. గచ్చు సమంగా ఉండాలి. ఒక గ్లాసు నీళ్ళు పోసి ఎటు పారుతాయో చూస్తే తెలుస్తుంది. పక్కన ఒక పీట పెట్టుకోవాలి. సైకిలు డ్రమ్ముల మీద ఎత్తుగా ఉంటుంది, కాలు నేలకు అందదు.

అందరూ భయపడేది, ఎగిరి ముందుకు దూసుకుపోతామని. పోము. చక్రాలు ఎంత జోరుగా తిరిగినా మనిషి ఉన్నచోటనే ఉన్నాడు. పడితే పక్కకే పడతాడు. మా పిల్లకు ఇది మాటల్లో చెబితే ఎక్కలేదు.

మొదటి రోజు ఒక చేయి చౌకట్టుకు ఆనించి, ఆనించిన చేతి వేళ్ళు తెల్లబడేట్టు పట్టుకుని తొక్కింది. కళ్ళు ముందు చక్రం మీదే. నేను నాలుగడుగుల అవతల గోడకు ఒక కుంకుమ బొట్టు పెట్టి, "చక్రం చూడకు బిడ్డా, బొట్టు చూడు" అన్నాను. మెల్లగా కాదు, కాస్త జోరుగా తొక్కమన్నాను. జోరు పెరిగితే చక్రం తనంతట తనే నిలబడుతుంది. మూడో రోజు చౌకట్టు మీది అయిదు వేళ్ళు రెండయ్యాయి. ఆరో రోజు ఒక్క చూపుడు వేలు. ఎనిమిదో రోజు ఆ వేలు తీసేసింది. తీసిన సంగతి ఆమెకే తెలియలేదు, కళ్ళు బొట్టు మీద ఉన్నాయి. నేను మాట్లాడలేదు. మా కోడలు వంటింట్లోంచి చూసి చెయ్యి కడుక్కోకుండానే వచ్చి నిలబడింది.

8. ఫ్యాను డబ్బులు కూడా రోలర్ల ధరలోనే కలపండి

బయట తొక్కితే గాలి తగులుతుంది. లోపల గాలి లేదు. మనిషి ఒంట్లో కండ ఖర్చు చేసే శక్తిలో నాలుగో వంతుకు అటూ ఇటుగా మాత్రమే పెడలుకు చేరుతుంది, తక్కిందంతా వేడి. పెడలు మీద 150 వాట్లు పెట్టే పిల్ల ఇంకో 450 వాట్ల వేడిని ఒంట్లోంచి బయటికి పంపాలి. మా దగ్గర ఎండకాలం అర్రలో పైన తిరిగే ఫ్యాను వేడి గాలినే కలుపుతుంది. ఛాతీకి ఎదురుగా ఒక పెద్ద పెడెస్టల్ ఫ్యాను ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దుగాల ఆరు లోపే, కిటికీలు తెరిచి. తల తిరిగినా, చెమట ఆగిపోయినా వెంటనే దిగాలి. ఉప్పేసిన మజ్జిగ సీసాలో పోసి చేతికందే చోట పెట్టండి. చెమట హ్యాండిల్ కింద బోల్టుల్లోకి కారి తుప్పు పట్టిస్తుంది. పాత తువ్వాలు ఒకటి హ్యాండిల్ నుంచి సీటు దాకా కట్టండి.

9. సీటు ఎత్తు సరిచూడకుండా గంటలు పెంచొద్దు

మా జిల్లాలో ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం ఆసు మిషను సంగతి అందరికీ తెలుసు. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టాలంటే, ఒక్క చీరకు చేయి దాదాపు 9,000 సార్లు ఇటూ అటూ పోవాలి. వాళ్ళమ్మ లక్ష్మి గారి భుజాల నొప్పి చూడలేక ఏండ్లు తంటాలు పడి ఆ మిషను చేశాడు. ఆమె పేరే దానికి పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒకే కదలికను వేలసార్లు చేస్తే కీలు ఏమవుతుందో మా ఇళ్ళల్లో ఆడవాళ్ళను చూసి తెలుసుకున్నాం.

నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకు ఒక్కో మోకాలు 5,400 సార్లు వంగి తెరుచుకుంటుంది. రోడ్డు మీద మలుపుకు, దిగుడుకు, బ్రేకుకు కాలు ఆగుతుంది. రోలర్ల మీద ఆగదు, మనిషి సీటు మీద నుంచి లేవడు. సీటు ఒక అంగుళం కిందికి ఉంటే మోకాలు ముందు భాగం, పైకి ఉంటే వెనక నరం పట్టేస్తుంది. మడమను పెడలు మీద పెట్టి కిందిదాకా తొక్కితే కాలు తిన్నగా చాపుకోవాలి, నడుము పక్కకు ఒరగకూడదు. అది సరిచూశాకే మొదట ఇరవై నిమిషాలు, తర్వాత అరగంట. గంట దాకా రావడానికి మాకు నాలుగు నెలలు పట్టింది.

10. జోరు అంకెను నమ్మి రోలర్లు ఎంచకండి

"ఇది 50 జోరు ఇస్తుంది" అని అమ్మేవాళ్ళు చెబుతారు. గాలి లేనిచోట ఎవరైనా పోతారు. 1899 జూన్ 30న అమెరికాలో చార్లెస్ మర్ఫీ అనే అతను రైలు పెట్టె వెనక, పట్టాల నడుమ పరిచిన చెక్కల మీద తొక్కుతూ ఒక మైలును 57.8 సెకన్లలో దాటాడు. కాళ్ళు అతనివే, కానీ గాలిని రైలు చీల్చింది. రోలర్ల మీదా గాలి లేదు. మీ పిల్ల ఇంట్లో 40 జోరు తొక్కి రోడ్డు మీద 27 తొక్కితే దిగులు పడకండి. చూడాల్సింది గుండె కొట్టుకునే వేగం, కాలు తిరిగే లెక్క. ఫోనుకు తగిలించుకునే స్మార్టు రోలర్లకు పెట్టే డబ్బును మంచి డ్రమ్ములకు, ఫ్యానుకు పెట్టడం నా ఇష్టం.

11. రోడ్డును మరవద్దు

వానలు తగ్గాక, వెలుతురు వచ్చాక, ఆమె మళ్ళీ రాయగిరి దారి పట్టింది. మోటారు సైకిలు మీద నేను వెనక పోయాను. లారీ దాటినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. ఆమె మోచేతులు వదులుగానే ఉన్నాయి. చక్రం తెల్లగీత పక్కన జానెడు దూరంలో, దారం లాగినట్టు పోయింది. ఆ సాయంత్రం మా కోడలు ఏమీ అనకుండా రోలర్ల మీది తువ్వాలు ఉతికి ఆరేసింది.

12. ఎవరికి కొంటున్నామో వాళ్ళ ఇంటికి పోండి

పోయిన చలికాలం పోచంపల్లి నుంచి ఒక నేత పనివాడు వచ్చాడు. కొడుక్కు పదిహేనేండ్లు, సైకిలు పోటీల్లో తిరుగుతున్నాడు. "ఏ కంపెనీది కొనమంటవు అన్నా?" అన్నాడు. టేపు పట్టుకుని వాళ్ళ ఇంటికి పోయాను. ముందు అర్రంతా గుంట మగ్గం. మగ్గానికీ గోడకూ మధ్య అయిదడుగులు, పొడవు పది. పిల్లవాడి సైకిలు ఇరుసు నుంచి ఇరుసుకు 98 సెంటీమీటర్లు. చట్రం మడిచి గోడకు నిలబెట్టే రకమైతేనే పగలు మగ్గం నడుస్తుందని అక్కడే తేలింది.

ఇద్దరం కలిసి హైదరాబాద్ పోయి వాడిన సెట్లు రెండు చూశాం. మొదటిదానికి నేను జేబులోంచి పెన్సిలు తీసేలోపు, అతను తన జేబులోంచి పట్టుదారం ఒక పోగు తీశాడు. రెండు చేతుల బొటనవేళ్ళకు చుట్టి బిగలాగి, డ్రమ్ముకు అడ్డంగా, తగలకుండా పట్టుకున్నాడు. నేను డ్రమ్ము తిప్పాను. అతను దారం వైపు వంగి చూశాడు, దగ్గర పెట్టిన చెవి కూడా కదల్చలేదు.

"ఒక్కతాన తగులుతున్నదన్నా," అన్నాడు.

రెండోది తిప్పాం.